నీటి కింది వాజం

చేపకు ఈదడానికి వాజాలు ఎంత అవసరమో, తెరచాప పలకకు దాని అడుగున అమర్చిన వాజం అంత అవసరం. చేప వెన్నుమీద, ఇరుపక్కల, తోకవద్ద పలుచగా విచ్చుకొని ఉండే అవయవాలను జంతుశాస్త్ర గ్రంథాలు వాజాలని పేర్కొంటాయి. విండ్‌సర్ఫింగ్ అనే జలక్రీడలో వాడే పలక అడుగున, వెనుక భాగంలో, నిలువుగా బిగించే సన్నని రెక్కకు కూడా ఆంగ్లంలో చేప వాజానికి ఉన్న ఫిన్ అనే పేరే స్థిరపడింది. కనుక తెలుగులో దానిని వాజమనడమే సముచితం. గట్టుమీద నిలిచి చూసే ప్రేక్షకునికి రంగురంగుల తెరచాప, దానిని పట్టుకొని వెనుకకు వాలిన క్రీడాకారుడు కనిపిస్తారే తప్ప వాజం కనిపించదు. కాని తెరచాప పట్టిన గాలిబలాన్ని ముందుకు సాగే వేగంగా మార్చడంలో ఆ కనిపించని రెక్క పాత్ర తెరచాప పాత్రకు ఏమాత్రం తీసిపోదు. అటువంటి వాజం అరిగి గరుకుతేలినప్పుడు ఏమి సంభవిస్తుంది, దానికి పూర్వపు నునుపును తిరిగి తేవడం ఎలా అనేవి ఇక్కడ పరిశీలించవలసిన అంశాలు.

ఈ క్రీడ మరీ ప్రాచీనమైనది కాదు. 1958లో ఇంగ్లండులోని హేలింగ్ దీవి వద్ద పీటర్ చిల్వర్స్ అనే పన్నెండేండ్ల బాలుడు పలకమీద తెరచాప నిలిపి విహరించిన సంగతి 1985 నాటి ఒక ఆంగ్ల న్యాయస్థానపు తీర్పులో ప్రస్తావనకు వచ్చింది. 1964లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో న్యూమన్ డార్బీ ఒక తెరచాప పలకను రూపొందించాడు. కాలిఫోర్నియాకు చెందిన జిమ్ డ్రేక్, హోయల్ స్క్వైట్జర్‌లు 1968లో దరఖాస్తు చేసి 1970లో పేటెంటు పొందారు. వారి పలకమీద తెరచాప కొయ్య కదలకుండా పాతుకొని ఉండదు. ఎటు వాల్చితే అటు వాలే కీలుమీద నిలుస్తుంది. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్ క్రీడలలో పురుషులకు, 1992 బార్సిలోనా క్రీడలలో మహిళలకు ఈ పోటీలు ప్రవేశపెట్టబడ్డాయి. 2024 పారిస్ క్రీడలలో పలకను నీటిపైకి లేపే హైడ్రోఫాయిల్ అనే సాధనాన్ని వాడారు. అయినప్పటికీ సాధారణ వాజం గల పలకలు ప్రపంచమంతటా వాడుకలోనే ఉన్నాయి.

తెరచాప పలకకు చుక్కాని లేదు. క్రీడాకారుడు తెరచాపను ముందుకో వెనుకకో వాల్చి, పాదాలతో పలకను ఒకవైపుకు అదిమి దిశను మారుస్తాడు. గాలి పక్కనుంచి వీస్తున్నప్పుడు పలక కూడా గాలితోపాటు పక్కకు జారిపోవాలి. అలా జారకుండా నిలిపేది వాజం. అది నీటిలో సరిగా ముక్కుసూటిగా కాక, కంటికి తెలియనంత స్వల్పమైన కోణంలో సాగుతుంది. అందువల్ల దాని ఒక పార్శ్వంలో నీటి పీడనం తగ్గి, రెండవ పార్శ్వంలో పెరుగుతుంది. విమానపు రెక్కను పైకెత్తే బలం పుట్టేది ఈ విధంగానే. విమానంలో ఆ బలం పైకి పనిచేస్తే, వాజంలో పక్కకు, అంటే గాలి తోసే దిశకు ఎదురుగా పనిచేస్తుంది. నీరు గాలికంటే సుమారు ఎనిమిది వందల రెట్లు సాంద్రమైనది కావడంవల్ల ఏడెనిమిది చదరపు మీటర్ల తెరచాప తోపుడును ముప్పై నలభై సెంటీమీటర్ల పొడవైన చిన్న వాజం నిలువరించగలుగుతున్నది. ఇంత చిన్న రెక్కమీద ఇంత భారం మోపినప్పుడు దాని ఆకారంలో వచ్చే స్వల్పమైన లోపం కూడా పెద్ద ఫలితాన్నే చూపుతుంది.

మేలైన వాజాలు ఎక్కువగా జీ-10 అనే పదార్థంతో తయారవుతాయి. గాజుతంతువులతో నేసిన బట్టను పొరలు పొరలుగా పేర్చి, ఎపాక్సీ రెజిన్‌తో తడిపి, వేడిమి, ఒత్తిడి ప్రయోగించి గట్టి పలకగా చేస్తారు. ఆ పలకను యంత్రంతో చెక్కి వాజం ఆకృతిని తీసుకొనివస్తారు. కార్బన్ తంతువులతో అచ్చుపోసినవి, చౌకరకం ప్లాస్టిక్‌వి కూడా ఉన్నాయి. గాజునారను రెజిన్‌తో కలిపి చేసిన ఫైబర్ పడవలు ఆంధ్ర తీరంలోని మత్స్యకారులకు సుపరిచితమైనవే. వాజం కూడా ఆ కుటుంబంలోనిదే. అయితే పడవలకు సాధారణంగా వాడేది పాలియెస్టర్ రెజిన్. ఈ భేదాన్ని గుర్తుంచుకోవాలి. మరమ్మతు సందర్భంలో దీని ప్రయోజనం తెలుస్తుంది.

వాజం అరగడానికి సముద్రం మధ్యలో కంటే తీరంలోనే అవకాశాలెక్కువ. లోతు తక్కువైన చోట పలకను దిగకుండా గట్టుదాకా తెచ్చినప్పుడు దాని మొన ఇసుకలో ఒరుసుకొంటుంది. రాళ్లు, పగడపు దిబ్బలు ఉన్నచోట ముందంచుకు గంట్లు పడతాయి. వాహనంలో ఇతర సామగ్రితో కలిపి పడవేయడంవల్ల పక్కలమీద గీతలు ఏర్పడతాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఎపాక్సీని క్రమంగా క్షీణింపజేసి, పైభాగాన్ని సున్నపు పొడివలె తేలజేస్తాయి. వీటన్నిటిలో ప్రమాదకరమైనది ముందంచులోని గంటు. అది ఎందుకో గ్రహించాలంటే నీరు వాజాన్ని ఒరుసుకొని ఎలా ప్రవహిస్తుందో తెలియాలి.

జర్మనీకి చెందిన శాస్త్రవేత్త లుడ్విగ్ ప్రాంటల్ 1904లో ప్రవాహాల విషయమై ఒక మౌలిక భావనను ప్రతిపాదించాడు. ప్రవహించే ద్రవంలో ఘనపదార్థాన్ని అంటి ఉండే కణాలు దానిమీద జారవు, అంటుకొనే ఉంటాయి. వాటిపై పొర కొంచెం కదులుతుంది, ఆపై పొర మరికొంచెం. ఇలా అతి పలుచని మేర దాటేసరికి నీటికి పూర్తి వేగం వస్తుంది. ఈ పలుచని మేరకే సరిహద్దు పొర అని పేరు. వాజం ముందంచు దగ్గర ఈ పొర పలుచగా, క్రమబద్ధంగా సాగుతుంది. వెనుకకు పోయేకొద్దీ సుడులుతిరిగి కల్లోలమవుతుంది. కల్లోల ప్రవాహంలో ఘర్షణ ఎక్కువ. ఉపరితలంలోని ఎగుడుదిగుళ్లు ఈ పొరలో మునిగి ఉన్నంతవరకు నీరు వాటిని లెక్కచేయదు. పొరను ఛేదించుకొని పైకి వస్తే మాత్రం కల్లోలం ముందుగానే మొదలవుతుంది. ఇంజనీర్లు ఉపయోగించే ఒక స్థూలమైన సూత్రం ప్రకారం, గంటకు 36 కిలోమీటర్ల వేగంతో సాగే వాజంమీద సుమారు పది మైక్రోమీటర్లవరకు ఎగుడుదిగుళ్లు ఉన్నా బాధలేదు. తలవెంట్రుక మందం సుమారు డెబ్బై మైక్రోమీటర్లనుకొంటే, ఇది అందులో ఏడవ వంతు. వేగం పెరిగేకొద్దీ ఈ మినహాయింపు తగ్గిపోతుంది. 2015లో నమీబియా దేశంలోని ల్యూడెరిట్జ్ కాలువలో ఫ్రాన్స్ క్రీడాకారుడు ఆంటువాన్ ఆల్బో 500 మీటర్ల దూరాన్ని గంటకు 98 కిలోమీటర్లకు మించిన సగటు వేగంతో దాటాడు. ఆ వేగంలో అనుమతించదగిన ఎగుడుదిగుడు నాలుగు మైక్రోమీటర్లకు మించదు.

ఈ లెక్క ఒక అపోహను తొలగిస్తుంది. వాజం అద్దంలా మెరిస్తే వేగం పెరుగుతుందని పలువురు భావిస్తారు. కొందరు మైనం పూసి, దానిమీద నీరు ముత్యాలవలె జారిపోవడం చూసి సంతోషిస్తారు. తామరాకుమీది నీటిబొట్టు ఆకును అంటక జారేది ఆకుకూ బొట్టుకూ నడుమ గాలి నిలిచి ఉండటంవల్ల. నీటిలో పూర్తిగా మునిగి, వేగంగా కదిలే వాజంమీద అలాంటి గాలి నిలవదు; మైనమున్నా లేకున్నా నీరు దానిని అంటుకొనే ఉంటుంది. పది మైక్రోమీటర్లకు లోబడిన నునుపు సాధించిన తరువాత, అంతకుమించి మెరుగు పెట్టడంవల్ల సాధారణ క్రీడాకారునికి కలిగే లాభం స్వల్పం. పాలంపేట రామప్ప దేవాలయంలోని నల్లరాతి మదనికల మెరుపు చూపరుల కంటికోసం ఉద్దేశించినది. వాజపు నునుపును పరీక్షించేది నీరు; దానికి కావలసింది ఎగుడుదిగుళ్లు లేని సరైన ఆకారమే తప్ప తళతళలు కావు. మెరుగుమీద మోజుతో గంటలకొద్దీ రుద్ది, ఆ రుద్దడంలో ముందంచు వంపునే మార్చివేసినవారు బాగుచేయబోయి చెడగొట్టినవారవుతారు.

ఇక ముందంచు సంగతి. నీరు వాజాన్ని మొదట తాకేది అక్కడే. దాని వెంటనే, అల్పపీడన పార్శ్వంలో, పీడనం కనిష్ఠ స్థాయికి దిగుతుంది. సరిగా అక్కడే గంటు ఉంటే ప్రవాహం ఉపరితలాన్ని విడిచిపెట్టి, చిన్న సుడుల గుంటను ఏర్పరుస్తుంది. నీటి ఉపరితలంనుంచి గాలి ఆ గుంటలోకి చొరబడుతుంది. క్షణంలో వాజపు ఒక పార్శ్వమంతా గాలిపొరతో కప్పబడి, నీటిపై దాని పట్టు తప్పుతుంది. పలక తోకభాగం హఠాత్తుగా పక్కకు కొట్టుకుపోతుంది. దీనిని క్రీడాకారులు స్పిన్-అవుట్ అంటారు. నేర్పరి అయినవాడు తెరచాప బలాన్ని కొంచెం తగ్గించి, వెనుక పాదంతో పలకను తనవైపు లాగి, తిరిగి పట్టు సంపాదిస్తాడు. అది చేతకానివాడు నీటిలో పడతాడు. ప్రతి స్పిన్-అవుట్‌కూ గంటే కారణమని చెప్పలేము. వెనుక పాదంతో మితిమీరి తోసినా ఇదే జరుగుతుంది. కాని నునుపైన వాజం భరించగలిగే తోపుడును గంటుపడిన వాజం భరించలేదన్నది అనుభవజ్ఞులందరూ ఎరిగిన సత్యం.

మరమ్మతుకు ముందు పరీక్ష జరగాలి. వాజాన్ని పలకనుంచి విప్పి, మంచినీటితో ఉప్పు పోయేటట్లు కడిగి, ఆరబెట్టాలి. ఏటవాలుగా వెలుతురు పడేటట్లు పట్టుకొని చూస్తే చిన్న గీతలు కూడా నీడలుగా తేలతాయి. కంటికి కనిపించని లోపాలు దూదికి దొరుకుతాయి. దూదిపింజను అంచుల వెంబడి మెల్లగా నడిపితే గంటు ఉన్నచోట పోగులు చిక్కుకొంటాయి. గోరు మీటినప్పుడు తగలని గీతలు రుద్దితే పోతాయి. గోరు ఆగిపోయేంత లోతైనవాటిని పూడ్చవలసిందే. లోతైన గీత పోయేదాకా చుట్టుపక్కలంతా అరగదీయడం వాజాన్ని పలుచన చేసుకోవడమే అవుతుంది.

పూడ్చడానికి ఎపాక్సీనే వాడాలి. ముందు చెప్పిన భేదం ఇక్కడ అక్కరకు వస్తుంది. పడవల మరమ్మతుకు తెచ్చిన పాలియెస్టర్ రెజిన్ మిగిలి ఉన్నదని దానినే వాజానికి పూస్తే, గట్టిపడిన ఎపాక్సీమీద అది సరిగా పట్టక, కొంతకాలానికి పెచ్చులుగా ఊడిపోతుంది. గంటు పడిన చోటును 180 నంబరు కాగితంతో కొంచెం గరుకుచేసి, అసిటోన్ తడిపిన గుడ్డతో జిడ్డు లేకుండా తుడవాలి. పూత పట్టవలసిన చోటును కావాలని గరుకు చేయడం విచిత్రంగా తోచవచ్చు. నున్నని గోడమీద సున్నం నిలవదన్న సంగతి తెలిసినవారికి ఇందులో వింత కనిపించదు. ఎపాక్సీలోని రెండు ద్రవాలను డబ్బామీద సూచించిన నిష్పత్తిలోనే కలపాలి. రెండవ ద్రవం ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుందనుకోవడం పొరపాటు. ఆ ద్రవం కేవలం తొందరపెట్టేది కాదు, గట్టిపడిన పదార్థంలో తానొక భాగం. పాలు తప్పితే మిశ్రమం ఎన్నటికీ గట్టిపడక మెత్తగానే మిగిలిపోతుంది. కలిపిన ద్రవం కారిపోకుండా సన్నని సిలికా పొడినిగాని, గాజునార పొడినిగాని చేర్చి, వాహనాలకు రంగువేసే పనివారు వాడే లప్పంలాగా చిక్కగా చేసుకోవాలి. గంటుకు ఇరువైపులా అంటుకాగితం గట్టులా అతికించి, లప్పాన్ని అంచుకంటే కాస్త ఉబ్బెత్తుగా నింపాలి. ఒక రోజు కదపకుండా ఉంచాలి. గట్టిపడిన ఎపాక్సీమీద ఒక్కొక్కప్పుడు మైనంలాంటి జిగురు తేలుతుంది. దానిని నీటితో కడిగివేసిన తరువాతనే రుద్దడం ఆరంభించాలి.

రుద్దే పనిలో తొందరకు తావులేదు. రుద్దేవారు మొదట ఒక అట్టముక్కను తీసుకొని, గంటుకు పక్కనే చెడకుండా ఉన్న భాగపు వంపుకు సరిపోయేటట్లు కత్తిరించుకొంటే, అది కొలబద్దగా ఉపయోగపడుతుంది. రుద్దుతూ, మధ్యమధ్య ఆ అట్టను ఆనించి వెలుతురులో చూడాలి. సందు కనిపించిన చోట ఎక్కువ అరిగిందని అర్థం. వాడవలసింది నీటిలో తడిపి రుద్దే కాగితం. రంగుల దుకాణాలలో వాటర్ పేపర్ అని అడిగితే ఇస్తారు. మామూలు ఉప్పుకాగితం తడిస్తే చినిగిపోతుంది. తడిపి రుద్దడంలో రెండు ప్రయోజనాలున్నాయి. కాగితం పూడుకుపోకుండా పదునుగా ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా గాజుపొడి గాలిలో లేవదు. ఆ పొడి ఊపిరితిత్తులకు హానికరం, చర్మానికి దురద పుట్టిస్తుంది. ఎపాక్సీ పచ్చిగా ఉన్నప్పుడు చర్మానికి తగిలితే కొందరికి ఒకసారి మొదలైన ఎలర్జీ జీవితాంతం వెంటాడుతుంది. చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు లేకుండా ఈ పనికి పూనుకోవడం అవివేకం.

ఉబ్బెత్తును 220 నంబరు కాగితంతో తగ్గించి, తరువాత 320, ఆపైన 400 నంబర్లకు మారాలి. నంబరు పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది. 400 నంబరు రేణువు సుమారు 35 మైక్రోమీటర్లుంటుంది. అది మిగిల్చే గీత లోతు రేణువు పరిమాణంకంటే చాలా తక్కువ. అందువల్ల సాధారణ వేగాలకు ఇక్కడే ఆపవచ్చు. పోటీలలో పాల్గొనేవారు 600 వరకు వెళ్లవచ్చు. సమతలంగా ఉన్నచోట కాగితాన్ని చెక్కముక్కకు చుట్టి రుద్దాలి. వట్టి వేళ్లతో రుద్దితే వేలి మొనలున్నచోట పల్లాలు పడతాయి. వంపు తిరిగిన ముందంచు దగ్గర మాత్రం చెక్కకు బదులు మెత్తని రబ్బరు ముక్క మేలు. చివరి రుద్దుడు నీరు పారే దిశలోనే, అంటే ముందంచునుంచి వెనుకంచుకు సాగాలి. ఒక పార్శ్వంలో ఎన్ని సార్లు రుద్దితే రెండవ పార్శ్వంలోనూ అన్ని సార్లే రుద్దాలి. లెక్కపెట్టుకోవడం చాదస్తంగా కనిపించవచ్చు కాని, రెండు వైపులా ఒకేలా లేని వాజం ఒక దిశలో వెళ్లేటప్పుడు బాగా పట్టి, తిరుగు ప్రయాణంలో మొరాయిస్తుంది.

ముందంచును కత్తిలా పదును చేయడం చాలామంది చేసే తప్పు. పదునైన అంచు నీటిని కోస్తుందన్న ఊహ సహజమైనదే. కాని వాజం ఎల్లప్పుడూ కొంత కోణంలో సాగుతుంది కనుక, నీరు ఆ అంచును చుట్టి తిరగవలసి ఉంటుంది. గుండ్రని అంచును నీరు సాఫీగా చుట్టివస్తుంది. పదునైన అంచు దగ్గర విడిపోతుంది, అదే స్పిన్-అవుట్‌కు దారితీస్తుంది. వెనుకంచు విషయం దీనికి భిన్నం. అది పలుచగా, కొన చదునుగా తెగినట్లు ఉండాలి. దానిని గుండ్రంగా చేస్తే నీరు ఎక్కడ విడిపోవాలో తేల్చుకోలేక, ఒకసారి ఇటు, ఒకసారి అటు సుడులు విడుస్తుంది. ఆ లయకు వాజం కంపించి ఝుమ్మని మోగుతుంది. ఈ మోత వినబడితే వెనుకంచును ఒకవైపు కొద్దిగా ఏటవాలుగా రుద్దడం అనుభవంలో తేలిన ఉపాయం. ఓడల చోదక చక్రాల మోతకు కూడా నావికా ఇంజనీర్లు ఇటువంటి చికిత్సే చేస్తారు.

రుద్దిన తరువాత వార్నిష్ పూయాలా వద్దా అన్న ప్రశ్న మిగులుతుంది. జీ-10 వాజానికి దాని అవసరం లేదు. పూత అన్నిచోట్లా ఒకే మందంలో పడటం కష్టం. అది పెచ్చులూడితే ఆ పెచ్చు అంచే కొత్త గంటవుతుంది. పైన రంగుపొర ఉన్న వాజాలలో ఆ పొర ఊడి తంతువులు బయటపడితే మాత్రం, పలుచని ఎపాక్సీ పూత పూసి తిరిగి రుద్దవలసి ఉంటుంది. పలకలో దూరే మొదలు భాగం జోలికి పోరాదు. అక్కడ అరగదీస్తే వాజం పలకలో వదులై, ప్రతి అలకూ కదులుతుంది.

అన్ని వాజాలూ మరమ్మతుకు తగినవి కావు. మొదలు దగ్గర అడ్డంగా సన్నని తెల్లని చార కనిపిస్తే, అది పైగీత కాకపోవచ్చు. గాజుబట్ట పొరలు లోపల ఒకదానినుంచి ఒకటి విడిపోయినప్పుడు కూడా అటువంటి తెలుపు తేలుతుంది. మొనను పట్టుకొని కొద్దిగా వంచినప్పుడు ఆ చార వెడల్పయినా, చిటచిట శబ్దం వినిపించినా ఆ వాజాన్ని పలకకు బిగించరాదు. పైన లప్పం పెట్టి నునుపు చేస్తే లోపం కంటికి మరుగవుతుందే కాని బలం తిరిగిరాదు. క్రీడాకారుని బరువు, తెరచాప తోపుడు కలిసి అత్యధికంగా పడేది ఆ మొదలుమీదనే. తీరానికి దూరంగా ఉన్నప్పుడు అది విరిగితే పలక గాలికి ఎదురుగాని, అడ్డంగాని సాగదు. గాలి ఎటు వీస్తే అటు కొట్టుకుపోతుంది. గాలి నేలవైపునుంచి సముద్రంవైపు వీచే రోజున అలా జరిగితే ప్రాణానికే ముప్పు. ఇటువంటి వాజాన్ని పారవేయడానికి మనసొప్పనివారు చీలిక ఉన్న భాగాన్ని కోసివేసి, మిగిలిన మంచి భాగంతో పొట్టి వాజాన్ని చెక్కుకోవడం కద్దు. బలమైన గాలులలో చిన్న తెరచాపతో వాడే పలకలకు అటువంటి పొట్టి వాజాలు సరిపోతాయి.